బిల్డ్ ఎప్పుడు మొదలవ్వాలి? మీరే రాయండి!

రెజ్యూమెలో ‘జెంకిన్స్ తెలుసు’ అని రాస్తున్నారా? ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ‘దాంతో ఏం చేశారు?’ ‘బిల్డ్ బటన్ నొక్కాను’ అంటే సరిపోదు. కోర్ జావా వచ్చినవాళ్లు చిన్న ట్రిగ్గర్ ప్లగిన్ రాసి చూపిస్తే చెప్పడానికి బోలెడు విషయం ఉంటుంది.

ట్రిగ్గర్ అంటే?

టీమ్‌లోని వాళ్లు రాసిన కోడ్‌ను తరచూ కలిపి, బిల్డ్ చేసి, పరీక్షించడమే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్. ఆ పనిచేసే సర్వర్లలో జెంకిన్స్ ఒకటి. బిల్డ్ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది ట్రిగ్గర్. నిర్ణీత సమయానికి, లేదా కోడ్ మారినప్పుడు పనిచేసే ట్రిగ్గర్లు ముందే ఉన్నాయి. ‘ఫలానా ఫోల్డర్‌లో డేటా ఫైలు మారితేనే’ వంటి షరతును సొంతంగా రాసి నేర్చుకోవచ్చు.

ఎలా రాయాలి?

జేడీకే, మావెన్ ఇన్‌స్టాల్ చేసుకోండి. జెంకిన్స్ ఆర్కిటైప్‌తో ఖాళీ ప్రాజెక్టు సృష్టించి, ‘ట్రిగ్గర్’ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేయండి. ప్యాకేజీ పేరు ‘హడ్సన్’ అని ఉంటే కంగారు పడకండి. 2011కు ముందు జెంకిన్స్ పేరు అదే! ముఖ్యమైన మెథడ్లు మూడు. జాబ్‌కు ట్రిగ్గర్ జతైనప్పుడు ‘స్టార్ట్’, మీరిచ్చిన క్రాన్ సమయానికి ‘రన్’, ట్రిగ్గర్ తీసేసేటప్పుడు ‘స్టాప్’ నడుస్తాయి. డిస్క్రిప్టర్‌కు ‘ఎక్స్‌టెన్షన్’ యానొటేషన్ పెడితేనే జెంకిన్స్ మీ ట్రిగ్గర్‌ను గుర్తిస్తుంది. మావెన్‌లో ‘హెచ్‌పీఐ రన్’ గోల్ ఇస్తే మీ ల్యాప్‌టాప్‌లోనే జెంకిన్స్ తెరుచుకుంటుంది. అక్కడ పరీక్షించుకోండి.

అసలు పరీక్ష ఇక్కడే

బిల్డ్ మొదలుపెట్టడం తేలికే. అనవసరంగా మొదలవకుండా చూడటమే కష్టం.

* ఫైలు చివరిసారి మారిన సమయాన్ని మెమరీలోనే ఉంచితే, సర్వర్ రీస్టార్ట్ కాగానే పోతుంది. పాత ఫైలే కొత్తదనుకుని బిల్డ్ నడుస్తుంది. అందుకే దాన్ని డిస్క్‌లో సేవ్ చేయండి.
* ‘స్టార్ట్’కు వచ్చే ‘న్యూ ఇన్‌స్టాన్స్’ విలువ చూడండి. ట్రిగ్గర్‌ను యూజర్ ఇప్పుడే పెట్టారా, డిస్క్ నుంచి లోడైందా అన్నది తెలుస్తుంది.
* ‘రన్’లో ఎక్కువసేపు పట్టే పని పెట్టొద్దు. జెంకిన్స్ ట్రిగ్గర్లను వరుసగా చూస్తుంది. మీది ఆగితే మిగతా జాబ్‌లూ ఆలస్యమవుతాయి. నెట్‌వర్క్ పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించండి.
* బిల్డ్ ఎందుకు మొదలైందో ‘కాజ్’ క్లాస్‌తో చెప్పండి. లేదంటే అర్ధరాత్రి నడిచిన బిల్డ్‌కు కారణం టీమ్‌కు అంతుపట్టదు.

టెస్టులతో సహా కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. రీస్టార్ట్ చిక్కును ఎలా పరిష్కరించారో రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి. ఇంటర్వ్యూలో అక్కడి నుంచి మాట మీదే.