మృదంగానికి ఎడమ చెయ్యి యేది?

కిందటి శ్రావణమాసంలో ఒక ఆదివారంనాడు మా నాన్నగారిని కారులో పక్కన కూర్చోబెట్టుకొని మోపిదేవి నుంచి చల్లపల్లి మీదుగా కూచిపూడికి బయలుదేరాను. అబ్బాయి వెనకసీటులో కూర్చుని, తన సెల్‌ఫోనులోంచి కారు స్టీరియోకి ఒక పాత రికార్డింగు అందించాడు. అది అంగట్లో దొరికే పాట కాదు. నలభై యేళ్ల కిందట నాన్నగారు ఒక భామాకలాపానికి మృదంగం వాయిస్తూ వుండగా యెవరో ముందు వరసలో కూర్చుని పట్టిన క్యాసెట్టు. మావాడు దాన్ని శ్రమపడి ఫోనులోకి దింపాడు. తాతగారు వుబ్బిపోతారని వాడి ఆశ.

ఆయన రెండు నిమిషాలు కళ్లు మూసుకొని విన్నారు. ఆ తరవాత కళ్లు తెరచి, "అమ్మాయీ, మృదంగానికి ఎడమ చెయ్యి యేదే? 'త' వినబడుతోంది, 'నం' వినబడుతోంది, 'తొం' యేమయింది? నేను ఒంటిచేత్తో వాయించానా యేమిటి?" అన్నారు.

నేనూ అబ్బాయీ అద్దంలోనే ఒకరి మొహం ఒకరం చూసుకొన్నాము. నాన్నగారికి డెబ్బయ్యెనిమిది దాటినవి. ఇంట్లో టీవీ గొంతు రోజురోజుకూ పెంచుతున్నారు. చెప్పిన మాట రెండోసారి చెప్పించుకొంటున్నారు. "పాపం, చెవులు పోతున్నాయి" అని మా యింటిల్లిపాదీ అప్పటికే తీర్మానించుకొని వున్నాము. మరునాటి వారం బందరు తీసుకొని వెళ్లి చెవుల డాక్టరుకు చూపించాము.

డాక్టరుగారు ఆయనను చిన్న గదిలో కూర్చోబెట్టి, సెకనుకు 250 కంపనాల శబ్దం మొదలు 8,000 కంపనాల శబ్దం దాకా వినిపించి, కాగితం మీద గీత గీశారు. గీత ఎడమవైపు చదునుగా వుండి కుడివైపుకు పోనుపోను దిగజారింది. "పై శబ్దాలు తగ్గాయమ్మా. యీ వయసుకు సహజమే. కింది శబ్దాలు మాత్రం బాగానే వినిపిస్తున్నవి" అన్నారాయన.

ఇంటికి వచ్చి ఆ కాగితం మళ్లీ చూసినప్పుడు నాకు సిగ్గువేసింది. వయసు మీదపడితే మొదట దూరమయ్యేవి తారస్థాయి శబ్దాలు. స, ష, త వంటి హల్లుల్లోని పదును పోతుంది. అందుకే పెద్దవాళ్లు "మాట వినబడుతోంది గాని బోధపడటం లేదు" అంటారు. అలాంటి మనిషి 'త' వినబడుతోంది, 'తొం' లేదు అంటున్నాడంటే, లోపం చెవిలో వెతకవలసినది కాదు, పెట్టెలో వెతకవలసినది. మేము పెట్టెను నమ్మి మనిషిని అనుమానించాము.

కారు కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన స్టీరియో "చప్పగా వుంది, బేస్ లేదు" అని గొణుక్కునేవారు మన యిళ్లల్లో చాలామందే వున్నారు. వారికి మా అనుభవం పనికివస్తుందని యిది రాస్తున్నాను.

మంద్రం యెక్కడిది?

మన చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా పట్టుకోగలదు. వీటిలో అడుగు భాగాన్నే మెకానిక్కులు బేస్ అంటారు, సంగీతజ్ఞులు మంద్రం అంటారు. మృదంగం వాయించే యింట పుట్టాను గనుక యీ సంగతి చిన్నప్పుడే కళ్లారా చూశాను. కచేరీకి ముందు నాన్నగారు బొంబాయి రవ్వను నీళ్లతో ముద్దచేసి ఎడమవైపు మూతకు అద్దేవారు. మూత బరువెక్కుతుంది, నెమ్మదిగా వూగుతుంది, గంభీరంగా పలుకుతుంది. కచేరీ కాగానే ఆ రవ్వ గీకేసేవారు. కుడివైపున మాత్రం కరణి యెప్పుడూ అంటుకొనే వుంటుంది.

స్పీకరూ అంతే. అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు గిన్నె. గిన్నె ముందుకూ వెనక్కూ వూగితే గాలి కదులుతుంది. సన్నని శబ్దానికి కొద్దిపాటి కదలిక చాలు. మంద్రానికి చాలా గాలిని తోయాలి. కారు తయారుచేసేవారు ఖర్చూ బరువూ కలిసివస్తాయని చిన్న అయస్కాంతం, పలచని గిన్నె పెడతారు. కొన్ని కార్లలో శబ్దం పెంచిన కొద్దీ, ఆ చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా బేస్ దానంతట అదే తగ్గేటట్లు గూడా అమరుస్తారు. కాబట్టి కొంత లోటు పుట్టుకతో వచ్చినదే. కాని మా కారులో లోటు అంతకు మించినది. అది లేకపోవడం కాదు, వున్నది పోవడం.

రెండు పలికితే తక్కువ, ఒకటి పలికితే యెక్కువ

మా అబ్బాయి అప్పటికే సబ్‌వూఫర్ కొందామని పన్నెండువేల లెక్క వేసి పెట్టుకొన్నాడు. ఇంతలో మా వీధిలో పెళ్లికి మైకుసెట్టు పెట్టడానికి వచ్చిన కుర్రవాణ్ణి పిలిచి కారు చూపించాను. అతడు పనిముట్టు ముట్టుకోలేదు. స్టీరియోలో బ్యాలెన్సు అనే మీట పూర్తిగా ఎడమకు జరిపాడు. ఎడమ తలుపు ఒక్కటే పలికింది. 'తొం' మెల్లగా వినబడింది! కుడికి జరిపాడు. మళ్లీ వినబడింది. మధ్యకు తెచ్చాడు, రెండు తలుపులూ కలిసి పలికినవి, 'తొం' మాయమైంది.

"గురువుగారు చెప్పింది నిజమేనండి. ఒక దానికి తీగలు తిరగబడ్డాయి" అన్నాడు.

సంగతేమిటంటే, వానాకాలంలో ఆ కుడి తలుపు అద్దం దిగక, ఒక దుకాణంలో బాగుచేయించాము. స్పీకరు తీగల కప్లరు చిలుమెక్కిందని అక్కడ దాన్ని కోసివేసి, తీగలు చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి యిచ్చారు. ప్లస్సు తీగ మైనసుకు, మైనసు ప్లస్సుకు పోయింది. ఇక ఎడమ గిన్నె ముందుకు తోసినప్పుడు కుడి గిన్నె వెనక్కు లాగుతుంది. ఒకరు పోసిన నీళ్లు యింకొకరు తోడేసినట్లు, గాలి కదలిక చెల్లుకు చెల్లు అయిపోతుంది.

అయితే అన్ని శబ్దాలూ యెందుకు పోలేదు? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. సెకనుకు 50 సార్లు కంపించే మంద్రధ్వని అల పొడవు 7 మీటర్లకు దగ్గర, అంటే కారుకన్న పొడుగు. అంత పెద్ద అలలు రెండు యెదురుబొదురైతే కారంతటా ఒకదాన్నొకటి మింగుతవి. 5,000 కంపనాల ధ్వని అల 7 సెంటీమీటర్లే గనుక ఒకచోట మింగుకొన్నా జానెడు దూరంలో మళ్లీ తేలుతుంది. అందుకే 'త' మిగిలి 'తొం' పోయింది.

పాఠకులు యీ పరీక్షను పైసా ఖర్చు లేకుండా యింటిదగ్గరే చేసుకోవచ్చు. బ్యాలెన్సు మీటతో ఒక్కొక్క వైపూ విని, తరవాత రెండూ కలిపి వినండి. కలిపినప్పుడు బేస్ తగ్గితే దోషం తీగల్లో వున్నట్లే. రేడియోలో వార్తలు పెట్టి చూసినా తెలుస్తుంది. తీగలు సరిగా వుంటే చదివే గొంతు యెదుట అద్దం మధ్య నిలబడి మాట్లాడినట్లుంటుంది. తిరగబడితే యెక్కడినుంచో గాలిలో తేలివచ్చినట్లుంటుంది. నిర్ధారణకు మైకుసెట్టు కుర్రవాడు స్పీకరును స్టీరియోనుంచి వూడదీసి, గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించాడు. ప్లస్సుకు ప్లస్సు తగిలితే గిన్నె బయటకు వుబుకుతుంది.

తలుపు గూడా వాద్యమే

తీగలు సరిచేసిన తరవాత అతడు తలుపు లోపలి భాగం చూపించాడు. స్పీకరు బిగించిన మరలు రెండు వదులు. వెనక వుండవలసిన ప్లాస్టిక్ తెర సగం వూడి వేలాడుతున్నది. మృదంగం పనసకొయ్య పగిలితే యెంత వాయించినా నాదం నిలవదు గదా! స్పీకరు గిన్నె ముందుకు తోసిన గాలీ, వెనక వదిలిన గాలీ ఒకదాన్నొకటి కలుసుకోకూడదు. తలుపు రేకులోని కంతల గుండా అవి కలిస్తే మళ్లీ పాత కథే, మంద్రం చెల్లిపోతుంది.

అతడు స్పీకరు చుట్టూ నురుగురబ్బరు వలయం వేసి మరలు బిగించాడు. కంతలకు జిగురున్న బ్యూటైల్ షీటు అంటించాడు. రేకు అదరడం తగ్గింది. ఒక్క జాగ్రత్త. అద్దం పక్కనుంచి వాననీరు తలుపులోకి దిగి, అడుగున వున్న చిన్న బెజ్జాల గుండా బయటకు పోతుంది. మంద్రం మీద మోజుతో ఆ బెజ్జాలు గూడా మూసేస్తే నీరు నిలిచి తలుపు తుప్పుపడుతుంది. మన దివిసీమ వానలకు, వుప్పుగాలికి యీ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఇక మీటల సంగతి. ఫోనులో ఒక ఈక్వలైజరు, కారులో ఒక ఈక్వలైజరు పెట్టి రెండింటితోనూ బేస్ హెచ్చిస్తే శబ్దం బురదవుతుంది. మొదట అన్నీ సున్నాకు తెచ్చి, ఫోను శబ్దం దాదాపు నిండుగా వుంచి, కారు మీటతో పెంచుకోవాలి. కొన్ని సెట్లలో 'లౌడ్‌నెస్' అని ఒక మీట వుంటుంది. మెల్లగా వింటున్నప్పుడు మన చెవికి మంద్రం మరీ తక్కువగా వినబడుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో లెక్కకట్టారు. ఆ లోటు పూడ్చడానికే ఆ మీట. మెల్లగా వింటున్నప్పుడే దాని ప్రయోజనం.

పాట వయసు గూడా చూడాలి. 1925కు ముందు మైకు లేకుండా గొట్టంలోకి పాడి రికార్డులు చేసేవారు. వాటిలో మంద్రం దాదాపు లేదు. మన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలగారి తొలినాళ్ల పాటలు మైకు ముందు పాడినవే అయినా, ఆనాటి రికార్డులో పట్టినంతే వాటిలో వుంటుంది. అందులో లేని వురుమును యీనాటి స్పీకరు పుట్టించలేదు. పుట్టించమని మీట తిప్పితే ఆయన గొంతే మసకబారుతుంది.

ఇంత చేసినా చాలకపోతే అప్పుడు కొనండి. ముందు మంచి స్పీకర్లు. అవి పాతవాటి కొలతకూ, ఓములకూ సరిపోవాలి. అయస్కాంతం మరీ లోతైతే అద్దం దించినప్పుడు తగులుతుంది. ఆ పైన ఆంప్లిఫయరు, సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫర్. బ్యాటరీనుంచి తీగ తీస్తే బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు వుండి తీరాలి. లేకపోతే తీగ యెక్కడ ఒరుసుకొన్నా నిప్పు రేగవచ్చు. వాట్ల అంకెలు చూసి మోసపోకండి. పెట్టె మీద 50 అని వున్నా మామూలు స్టీరియో ఒక్కొక్క స్పీకరుకు నిలకడగా యివ్వగలిగేది యించుమించు 15, 20 వాట్లే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే.

ఆ 3 డెసిబెల్సు చెవికి మాత్రం చిన్నవి కావు. 85 డెసిబెల్సు శబ్దంలో రోజుకు 8 గంటలు వుండవచ్చునని ఒక లెక్క. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలే. డాక్టరుగారి కాగితం మీద దిగజారిన గీత నేను చూశాను గనుక మా అబ్బాయికి యీ లెక్క రెండుసార్లు చెప్పాను.

మా ఖర్చు షీటుకూ, నురుగురబ్బరుకూ, ఆ కుర్రవాడి కూలికీ కలిపి రెండువేలు దాటలేదు. మరుసటి ఆదివారం మళ్లీ అదే దారి, అదే క్యాసెట్టు. చల్లపల్లి దాటేసరికి నాన్నగారి ఎడమ చెయ్యి మోకాలి మీద ఆడుతున్నది. మావాడు వుండబట్టలేక, "తాతగారూ, యిప్పుడు వినబడుతోందా?" అన్నాడు.

"ముందూ నా చెవి బాగానే వుందిరా" అన్నారాయన. కాసేపు విని, నా వైపు తిరిగి మెల్లగా, "అమ్మాయీ, ఆ రోజు రవ్వ కాస్త యెక్కువైంది. 'తొం' బరువుగా పడుతోంది, విన్నావా?" అన్నారు.

నాకు తెలియలేదు. తెలిసినట్లు తల వూపలేదు. ఆయన్నే అడిగి, వెనక్కు జరిపించి, మళ్లీ విన్నాను.