అందని చందమామ

ఇవాళ ఓ కథ సంగతి చెప్పుకుందాం. అమెరికా రచయిత స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1922లో ప్రచురించిన ‘వింటర్ డ్రీమ్స్’, అంటే శీతకాలపు కలలు.

అందులో డెక్స్‌టర్ గ్రీన్ కిరాణా కొట్టాయన కొడుకు. గోల్ఫ్ మైదానంలో శ్రీమంతుల ఆటసామాను మోసేవాడు. పదకొండేళ్ళ గొప్పింటి పిల్ల జూడీ ముందు నౌకరులా నిలబడవలసి వచ్చేసరికి రోషంతో ఆ పనే మానేశాడు. ఇరవై ఏడేళ్ళు నిండకుండానే లాండ్రీలు పెట్టి ధనవంతుడయ్యాడు. జూడీ మళ్ళీ ఎదురుపడింది. ఆశపెట్టడం, ఆనక పొమ్మనడం ఆవిడకో ఆట. ఆమెకోసం ఐరీన్ అనే నెమ్మదైన పిల్లను కూడా వదులుకున్నాడు. తీరా జూడీ ప్రేమ నిలిచింది నెల్లాళ్ళు!

ఏళ్ళు గడిచాక ఒకాయన మాటల్లో చెప్పాడు: జూడీ అందం వాడిపోయిందట, మొగుడు తాగుబోతట, పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటోందట. డెక్స్‌టర్ ఏడ్చాడు. ఆమెకోసం కాదండీ, తనకోసం!

బాలరాముడికి అద్దంలో చందమామను చూపించారంటారే, డెక్స్‌టర్‌కు జూడీ అలాంటి అద్దం. అద్దం మసకబారేసరికి అతని చందమామే మాయమైంది. డబ్బుతో అన్నీ కొన్నాడుగాని, ఆ తపనను తిరిగి కొనలేకపోయాడు.

మనిషిని ప్రేమించడం వేరు, ఆ మనిషిలో మన కలను ప్రేమించడం వేరు. పిల్లలకు హోదా కోరుకునే మనం, ఈ తేడా కూడా చెప్పాలి కదూ?