సివిల్ దావా – విచారణకు సన్నాహం

మానవుడు భూమిని నమ్ముకొని జీవించడం మొదలుపెట్టిన నాటి నుండి గట్టు తగాదాలు ఉన్నాయి. వాటిని కండబలంతో కాక ప్రమాణబలంతో తేల్చుకోవాలన్న ఆలోచన నుండే న్యాయసభలు పుట్టాయి. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో మితాక్షరను తెనిగించాడు. ఆ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ‘వ్యవహారం’ అంటే న్యాయసభకెక్కిన వివాదం. నేడు ఆ మాట అర్థం పలచబడి ప్రతి చిన్న పనికీ వాడుకలోకి వచ్చింది. వివాద నిర్ణయానికి ప్రాచీనులు లిఖితం, భుక్తి, సాక్షి అని మూడు ప్రమాణాలు చెప్పారు. భుక్తి అంటే అనుభవంలో ఉండడం. నేడు భూమి కోసం న్యాయస్థానం మెట్లెక్కేవారు కూడగట్టుకోవలసినవి కూడా ప్రధానంగా ఈ మూడే.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు మెట్టపంటలకు, ద్రాక్షతోటలకు నెలవులు. బాహ్యవలయ రహదారి, జీనోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు వచ్చిన తరువాత అక్కడి నేల విలువ అనూహ్యంగా పెరిగింది. ధర పెరిగినప్పుడు పెట్టెల అడుగున పడి ఉన్న పాత కాగితాలన్నీ నిద్ర లేస్తాయి. అన్నదమ్ముల వాటాలు, కౌలుదారు హక్కులు, తెల్లకాగితంపై రాసుకున్న సాదా బైనామాలు వివాదాలై న్యాయస్థానానికి చేరతాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉన్నా, పక్క గ్రామాల రైతుకు దావా అంటే నేటికీ చీకటిగదే.

ఆ గ్రామాలలో ఒక రైతు ఉదయాన పొలానికి వెళ్ళేసరికి గట్టు వెంట కొత్త కడీలు పాతి ఉన్నాయనుకుందాం. తన జ్ఞాతి నుండి కొన్నానంటూ ఎవరో రిజిస్టరు దస్తావేజు చూపుతున్నారు. రైతు పరుగున వకీలు దగ్గరకు పోయి, ‘నా పొలంలోకి వాళ్ళు రాకుండా ఆపించండి’ అంటాడు. అడగవలసింది అంతేనా? నిషేధాజ్ఞ అడిగితే చాలునా, హక్కుదారు తానేనని ప్రకటించమని కూడా కోరాలా? సన్నాహమంతటిలో కఠినమైన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం తప్పితే మిగిలిన శ్రమంతా వృథా కావచ్చు.

వరంగల్లులోని ఇళ్ళస్థలాల వివాదంలో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు నిదర్శనం. ఒక మహిళ నుండి స్థలాలు కొన్నవారు అక్కడ వాదులు. ఆమె సోదరుని నుండి కొన్నవాడు ప్రతివాది. ఆ స్థలాన్ని సోదరుడు ఆమెకు పసుపు కుంకుమల కింద నోటిమాటగా ఇచ్చాడని వాదులు సాక్ష్యం చెప్పించారు. కాని వారి దావాపత్రంలో ఆ దానం ప్రస్తావనే లేదు. వారు కోరినది కేవలం నిషేధాజ్ఞ. హైకోర్టు వారి పక్షాన నిలిచినా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. దావాపత్రంలో చెప్పని విషయంపై ఎంత సాక్ష్యం తెచ్చినా దానిపై తీర్పు చెప్పరాదని, హక్కుపైనే గట్టి సందేహం ఉన్నప్పుడు హక్కు ప్రకటనను కోరవలసిందేనని స్పష్టం చేసింది. దశాబ్దాలు నడిచిన దావా అలా కొట్టివేయబడింది. తెలుగింట ఆడపడుచుకు పసుపు కుంకుమలని ఇచ్చే మాట ఎంత పవిత్రమైనదైనా, దావాపత్రంలోకి ఎక్కకపోతే న్యాయస్థానం చెవికి చేరదు.

కనుక సన్నాహం దావాపత్రంతోనే మొదలవుతుంది. భూమి ఏ న్యాయస్థానం పరిధిలో ఉంటే అక్కడే దావా వేయాలి. ఆధారపడే పత్రాలను దావాతోపాటే దాఖలు చేయాలి. తరువాత తెస్తే న్యాయస్థానం అనుమతి కావాలి. ఈ ప్రాంతంలో పత్రాల సేకరణ సులభమైన పని కాదు. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినందున పాత పత్రాలపై పాత జిల్లాల పేర్లుంటాయి. నిజాం కాలపు కాగితాలు అనేకం ఉర్దూలో ఉంటాయి. వాటికి అనువాదం చేయించాలి. 1954–55 నాటి ఖాస్రా పహాణీ మొదలుకొని ఏటేటి పహాణీలు, రిజిస్ట్రేషను కార్యాలయం ఇచ్చే ఈసీ, సర్వే పటం అన్నింటికీ ధ్రువీకృత నకళ్ళు తీసుకోవాలి. 2020లో ధరణి, 2025లో భూభారతి అని రికార్డుల విధానాలు మారినా ఒక సూత్రం మారలేదు: రెవెన్యూ రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు పుట్టదు. అది అనుభవానికి ఆధారం. హక్కుకు మూలమైన దస్తావేజు వేరుగా చూపాలి. అసలు దస్తావేజు పోతే, ఎలా పోయిందో వివరించిన తరువాతనే నకలుకు విలువ లభిస్తుంది.

సమను అందిన ప్రతివాది 30 రోజులలోగా జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే న్యాయస్థానం 90 రోజుల వరకు గడువిస్తుంది. ఇరుపక్షాల రాతలను పక్కపక్కన పెట్టి, ఒకరు అవునన్నదీ మరొకరు కాదన్నదీ ఏరి, న్యాయమూర్తి వివాదాంశాలను నిర్ణయిస్తారు. ఏ అంశాన్ని ఎవరు రుజువు చేయాలో అప్పటికి తేలుతుంది. ఆ పట్టిక చేతికి వచ్చిన నాడే వాది తన వకీలుతో కూర్చొని ఒక్కొక్క అంశానికి ఏ పత్రం, ఏ సాక్షి ఉన్నారో సరిచూసుకోవాలి. విచారణ మొదలైన తరువాత దావాపత్రాన్ని సవరించడం కష్టం.

2002 నుండి సాక్షి తొలి వాంగ్మూలం ప్రమాణపత్ర రూపంలోనే దాఖలవుతోంది. ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. వకీలు భాషలో, తరచు ఆంగ్లంలో తయారైన పత్రంపై చదువురాని సాక్షి వేలిముద్ర వేస్తాడు. ఆ తరువాత ఎదుటి వకీలు ‘నీ పొలానికి తూర్పున ఎవరిది?’ అని అడిగితే పత్రంలోని మాట ఒకటి, నోటి మాట మరొకటి అవుతుంది. అబద్ధం చెప్పకపోయినా అబద్ధికుడిగా నిలబడవలసి వస్తుంది. అందుచేత ప్రమాణపత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, సరిహద్దులు, తేదీలు సాక్షి జ్ఞాపకంతో సరిపోతున్నాయో లేదో ముందే చూడాలి. తెలియని దానిని తెలియదనడానికి సాక్షి సంకోచించనక్కరలేదు. చెప్పవలసిన మాటలు నేర్పడం మాత్రం సన్నాహం కాదు, మోసం.

హద్దులపై తగాదా ఉంటే న్యాయవాది ఒకరిని కమిషనరుగా నియమించి స్థలాన్ని చూపించమని కోరవచ్చు. ఖర్చు భరించలేని స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు మొదలైనవారికి 1987 నాటి న్యాయసేవల చట్టం ఉచిత సహాయం కల్పించింది. స్త్రీలకు, ఈ కులాలు, తెగలవారికి ఆదాయపరిమితి కూడా లేదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది.

చివరిగా సాక్షుల వయస్సు. గట్టు ఎవరు వేశారో, ఏ తాడిచెట్టు హద్దో ఎరిగినవారు సాధారణంగా ఊరి ముసలివారే. దావా ఏళ్ళ తరబడి సాగుతుంటే వారు ఒక్కొక్కరే కనుమరుగవుతారు. తగిన కారణం చూపి కోరితే, విచారణ వంతు రాకముందే అటువంటి సాక్షి వాంగ్మూలాన్ని నమోదు చేయడానికి సివిల్ ప్రక్రియా స్మృతి అవకాశమిస్తుంది. ఆ దరఖాస్తును వృద్ధుడు మంచం పట్టకముందే, మొదటి వాయిదాలలోనే పెట్టుకోవాలి.