మీకు తెలుసా? కరగని భాస్వరం

రాక్ ఫాస్ఫేట్ పొడిలో భాస్వరం దండిగా ఉన్నా, క్షార నేలలో వేస్తే పంటకు అందేది నామమాత్రమే. ఈ ఖనిజం కరగాలంటే నేలలో ఆమ్లం ఉండాలి. ఉదజని సూచిక 5.5 కంటే తక్కువున్న చోట బాగా పనిచేస్తుంది. అందుకే దీన్ని తేయాకు, రబ్బరు తోటల వంటి ఆమ్ల నేలలకు సిఫారసు చేస్తారు. సున్నం ఎక్కువైన నల్లరేగడిలో జొన్న మేత కోసం చల్లితే మాత్రం, బస్తా చవకగా వచ్చిందన్న సంతోషమే మిగులుతుంది.

నేలలో లేని ఆమ్లాన్ని ఫ్యాక్టరీలోనే కలిపితే? 1842లో ఇంగ్లండ్‌లో జాన్ బెన్నెట్ లాస్ పేటెంట్ పొందింది ఈ ఉపాయానికే. రాక్ ఫాస్ఫేట్‌ను గంధకామ్లంతో కలిపి చేసిన సూపర్ ఫాస్ఫేట్‌లోని భాస్వరం నీటిలో కరుగుతుంది. పైగా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో సుమారు 11 శాతం గంధకం కూడా ఉంటుంది. అలసంద, పిల్లిపెసర వంటి మేతలకు అది అదనపు లాభం. అయితే కరిగిన భాస్వరాన్నీ క్షార నేలలోని సున్నం మళ్లీ పట్టేస్తుంది. కాబట్టి పొలమంతా వెదజల్లే కన్నా విత్తనాల వరుస పక్కన, కాస్త లోతుగా వేయడం మేలు.

లూసర్న్ అనే మేత పంటది వేరే దారి. గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకునేటప్పుడు దీని వేర్లు చుట్టూ ఉన్న మట్టిని కొంత ఆమ్లంగా మారుస్తాయి. నత్రజనిని నైట్రేట్ రూపంలో తీసుకునే జొన్న, మొక్కజొన్న వేర్లు దానికి పూర్తిగా విరుద్ధం: మట్టిని మరింత క్షారం వైపు నెడతాయి. కాకపోతే సున్నం మరీ ఎక్కువున్న నేలలో లూసర్న్ వదిలే ఆమ్లం కూడా వేరు దాటి ఎంతో దూరం పోదు.