బ్రేకు ప్యాడ్లు కొనేముందు

కారు నడిపే ఆడవాళ్లు ఇప్పుడు ఎందరో. అయినా బ్రేకు వేస్తే కీచుమంటోందంటే, చాలామంది మెకానిక్కు చేతికి తాళాలిచ్చి ఊరుకుంటారు. అతనేం వేశాడో అడగరు.

ఆ కీచు చాలాసార్లు ప్యాడ్లు అరిగాయని చెప్పే రేకు చప్పుడే. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3కి వచ్చిందా, మార్చాల్సిందే. కుడిచక్రానికి మారిస్తే ఎడమచక్రానికీ మార్చాలి. లేకపోతే బ్రేకు పడగానే బండి పక్కకి లాగుతుంది.

ఇక రకాలు. ఆర్గానిక్‌వి మెత్తన, చప్పుడు చెయ్యవు, త్వరగా అరుగుతాయి. లోహపు పొడి కలిపినవి వేడికి బాగా ఓర్చుకుంటాయి గాని డిస్కును అరగదీస్తాయి. సిరామిక్‌వి ఖరీదు. బడికీ బజారుకీ తిరిగే బండికి అంత ఖర్చెందుకు చెప్పండి? ఆ మోడలుకి కంపెనీ చెప్పిన రకం చాలు.

చవగ్గా వస్తున్నాయని నాసిరకం మాత్రం వద్దు. తిరుమల కొండ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ప్యాడ్లు కాగిపోతాయి. నాసివైతే తొందరగా పట్టు వదిలేస్తాయి, ఎంత తొక్కినా బండి ఆగదు. (మంచివి వేయించినా దిగేది చిన్న గేరులోనే సుమా!)

పెట్టె మీద మోడలు, సంవత్సరం మీరే చదవండి. విప్పిన పాతవి చూపించమనండి. కొత్తవి వేశాక మొదటి 200, 300 కిలోమీటర్లు, అత్యవసరమైతే తప్ప, గట్టిగా తొక్కకుండా నడపండి.