హద్దు కడీలు పాతిన చోట

ఆర్మూర్‌లో కిరాయి పోర్షన్లలో ఉండేవాళ్ల బీరువాలు తెరిస్తే చాలా ఇళ్లలో ఒక ప్లాస్టిక్ కవరు దొరుకుతుంది. అందులో రిజిస్ట్రేషన్ దస్తావేజు, దాని జిరాక్సులు, మడతల దగ్గర అక్షరాలు వెలసిపోయిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రసీదు ఉంటాయి. కాగితం మీద వాళ్లు ప్లాటు యజమానులు. ఒకటో తారీఖు వచ్చిందంటే మాత్రం ఇంటి ఓనరు చేతిలో కిరాయి పెట్టాల్సిందే.

ఆ ప్లాట్లలో పెట్టిన డబ్బు ఎలా వచ్చిందో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. దుబాయ్, మస్కట్‌లలో ఏళ్లకేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని పంపింది కొంత. ఇంట్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి కూడబెట్టింది కొంత. పసుపు డబ్బు మరికొంత. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, కాడి (కొమ్ములు) వేరు, గోల (దుంపలు) వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలితే వచ్చిన పైసలవి. చేతిలో ఉంటే ఖర్చయిపోతాయని జాగా మీద పెట్టారు.

44, 63 జాతీయ రహదారులు కలిసే ఊరు కాబట్టి గజం ధర ఏటికేడు పెరుగుతుందన్నారు. వెంచర్లు వేసినవాళ్లు చేన్లు చదును చేసి, మట్టిరోడ్లు తీసి, కడీలు పాతి అమ్మారు. ఊరిని ఆనుకుని ఉన్న పెర్కిట్, మామిడిపల్లి అప్పుడు పంచాయతీలే. ‘పంచాయతీ లేఅవుట్’ అన్న మాట కొనేవాళ్లకు సరిపోయింది. నిజానికి లేఅవుట్‌కు టౌన్‌ప్లానింగ్ ఆమోదం ఉండాలి, పార్కు కోసం ఖాళీ జాగా వదలాలి. అవి లేకుండానే అమ్మకాలు జరిగాయి. స్టాంపు డ్యూటీ కట్టించుకుని ఆ అమ్మకాలను రిజిస్టర్ చేసింది సర్కారే. తర్వాత ఆ పంచాయతీలు ఆర్మూర్ మున్సిపాలిటీలో కలిశాయి. ఇల్లు కట్టుకుందామని పర్మిషన్‌కు వెళ్తే లేఅవుట్ ఆమోదం ఏదన్న ప్రశ్న ఎదురైంది. పర్మిషన్ లేకపోతే బ్యాంకు లోను కూడా లేదు.

2020 ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఆగస్టు 31న 131 నంబరు జీవో వచ్చింది. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోండి, క్రమబద్ధీకరిస్తాం అన్నారు. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ తర్వాత కోర్టు కేసులు, ఎన్నికలు, ఉచితంగా చేస్తామన్న హామీలు. ఫైళ్లు మాత్రం ఏళ్ల తరబడి కదలలేదు. 2025లో రుసుములో 25 శాతం రాయితీ ఇచ్చి మార్చి 31 గడువు పెట్టారు, ఆ గడువునూ పొడిగిస్తూ పోయారు. చెరువు శిఖంలోనో, సర్కారు భూమి పక్కనో పడ్డ సర్వే నంబర్లయితే రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లు కూడా వచ్చి చూడాలి.

నాకు కోపం వచ్చేది రుసుము లెక్క చూసినప్పుడు. పార్కు జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. గజం రెండు వేల చొప్పున 150 గజాలు కొన్నవాళ్లకు ఆ ఒక్క పద్దు కిందే 42 వేలు. క్రమబద్ధీకరణ రుసుము వేరే. పార్కు జాగాను కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నది వెంచర్ యజమాని. జరిమానా పడింది బీడీలు చుట్టిన చేతుల మీద.

నిబంధనలే వద్దని నేననను. మోరీ లేని ఆ వీధుల్లో వానకాలం నడిచినవాళ్లకు లేఅవుట్ నిబంధనలు ఎందుకో ఒకరు చెప్పనక్కర్లేదు. మోకాలి లోతు బురదలో స్కూటీ తోసుకుంటూ పోవాలి. కట్టించుకున్న రుసుము ఆ వీధి మోరీకే, ఆ వీధి రోడ్డుకే పెట్టాలి. ఎన్ని ఫైళ్లు తేలాయో, ఎన్ని ఎందుకు ఆగాయో వార్డువారీగా మున్సిపల్ ఆఫీసు గోడ మీద అతికించాలి. ఐదేళ్లు రసీదు దాచుకున్న మనిషికి ఆ మాత్రం జవాబు చెప్పకపోవడం అన్యాయం.

ఏటా మృగశిర ముందర చాలామంది ఆ ప్లాట్ల దగ్గరికి వెళ్తారు. తుమ్మ మొలకలు నరికి, గడ్డి పీకి, పక్కకు ఒరిగిన కడీని నిలబెట్టి చుట్టూ మట్టి తొక్కుతారు. ఎవరూ జరపకుండా కడీ మీద పేరు మళ్లీ రంగుతో రాసుకుంటారు. పొద్దుగూకే వేళకు బస్సెక్కి పోర్షన్‌కు తిరిగొస్తారు.