కోట ఉంది.. కథ చెప్పేదెవరు?

వేసవి సెలవులొస్తే చెక్ రిపబ్లిక్‌లో చాలామంది విద్యార్థులు దగ్గర్లోని పాత కోటలో గైడుగా చేరతారు. వచ్చినవాళ్లను జట్లుగా వెంటబెట్టుకుని గది గదికీ తిప్పుతారు. ఎవరు కట్టించారు, ఎవరు ఉన్నారు, ఎందుకు వదిలి వెళ్లారు అన్నది చెబుతారు. పాకెట్ మనీకి పాకెట్ మనీ, నలుగురి ముందు మాట్లాడే ధైర్యానికి ధైర్యం!

ఆ చిన్న దేశంలో కోటలు, ప్యాలెస్‌లు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిని అక్కడి జాతీయ వారసత్వ సంస్థ చూసుకుంటోంది. ప్రాగ్‌కు దగ్గర్లోని కార్ల్‌స్టెయిన్ కోటకు 1348లో పునాది వేశారు. చెస్కీ క్రుమ్లోవ్ పట్టణం 1992లో యునెస్కో జాబితాకెక్కింది. చాలా కోటల్లో గైడు లేనిదే లోపలి గదులు చూడనివ్వరు. అంటే అక్కడ గోడలతో పాటు కథకూ టికెట్ ఉంటుంది.

మరి మన దగ్గర?

రెండు వైపులా చెప్పాలి

విజయవాడ నుంచి పామర్రు, కూచిపూడి మీదుగా వెళితే చల్లపల్లి వస్తుంది. దేవరకోట సంస్థానాన్ని ఏలిన యార్లగడ్డ వారి ఊరది. రాజావారి కోట పక్కనుంచి రోజూ కాలేజీకి వెళ్లే పిల్లల్ని ఆపి దాని సంగతి అడగండి. ‘రాజుగారి కోటండీ’ అంటారు. ఆ తర్వాత మాట రాదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

చెప్పడానికి మాత్రం బోలెడుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారీ పెత్తనాన్ని ఎండగట్టిన సినిమా. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనక ఉన్నది సాక్షాత్తూ చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్! ఆ సినిమా కొందరు జమీందార్లకు కంటగింపైంది కూడా. ఇంకోపక్క అదే చల్లపల్లి జమీందారీ భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతులు, కూలీలు పోరాడారు. మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది 1948లో. చెకోస్లోవేకియాలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చి, మిగిలిన ప్రభువుల కోటల్ని సర్కారు పరం చేయడం మొదలైందీ ఆ ఏడాదే. 1989 తర్వాత కొన్నింటిని పాత కుటుంబాలకు తిరిగిచ్చారు. అక్కడి గైడ్లు ఆ సంగతులూ చెబుతారు.

మంచి గైడు పని అదే. రాజు గొప్పతనం ఒక్కటే చెబితే భజన అవుతుంది, తిట్టిపోస్తే ఉపన్యాసం అవుతుంది. కోటలో ఉన్నవాళ్ల కథా, ఆ కోటకు శిస్తు కట్టినవాళ్ల కథా రెండూ చెబితేనే చరిత్ర. ఆ రోజులు చూసిన పెద్దలు ఏటికేడాది తగ్గిపోతున్నారు. ఇప్పుడు అడక్కపోతే ఆ కథలు వాళ్లతోనే పోతాయి.

మీరు మొదలుపెట్టండిలా

- మీ ఇంట్లో, వీధిలో ఉన్న తాతయ్యల్ని, మామ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి. అడిగి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఇద్దరు చెప్పింది ఒకటేనా అని సరిచూసుకోండి.
- ఒక్కరోజు రూటు వేయండి. కూచిపూడి నాట్యం, ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి, చల్లపల్లి, మోపిదేవి. అన్నీ చుట్టుపక్కలవే.
- చల్లపల్లి కోట టికెట్ కొని తిరిగే మ్యూజియం కాదు. అనుమతి ఉంటేనే గేటు దాటండి. లేదంటే బయట నిలబడే కథ చెప్పండి.
- ముందు మీ ఫ్రెండ్స్‌ని పదిమందిని తిప్పండి. ఎక్కడ ఆవలించారో చూసుకుని అక్కడ కథ మార్చండి.

ఇక ఊరిని చక్కగా ఉంచే పని ఎప్పుడో మొదలైంది. 2014 నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే చీపుర్లు పట్టి రోడ్లెక్కుతున్నారు. వీధులు ఊడ్చేవాళ్లున్న ఊళ్లో కథ చెప్పేవాళ్లు దొరక్కపోతారా?

కోర్సులూ ఉన్నాయి

ఆసక్తి ఉంటే దీన్నే కెరియర్‌గా మలుచుకోవచ్చు. ఇంటర్ ఎంపీసీ వాళ్లు జేఈఈ మెయిన్ పేపర్-2 రాసి విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీఆర్క్ చేయొచ్చు. పాత కట్టడాల పరిరక్షణలో ఎంఆర్క్ చేయాలంటే ఢిల్లీ, భోపాల్ ఎస్పీఏలు ఉన్నాయి. చరిత్రలో పీజీ చేసినవాళ్లకు గ్రేటర్ నోయిడాలోని పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. టూరిజం చదవాలంటే నెల్లూరులోనే ఐఐటీటీఎం ఉంది. గైడు కావాలనుకుంటే కేంద్ర పర్యాటక శాఖవారి ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ కోర్సు ఆన్‌లైన్‌లో చేయొచ్చు.

ఇప్పటికిప్పుడు దీంతో నెల జీతం వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. మొదట్లో సెలవు రోజుల పనే. అయినా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ తడబడకుండా పది నిమిషాలు కథ చెప్పడం వస్తే, రేపు ఏ ఇంటర్వ్యూలో కూర్చున్నా ఆ తేడా తెలుస్తుంది. ఈ ఆదివారం ఖాళీయేనా? అయితే ముందు మీ తాతయ్య దగ్గర కూర్చోండి.